జోడు విప్పిన రోజు

నేను ఎప్పుడూ పోస్టులు రాసినదాన్ని కాదు. మనవాళ్ళు మీరంతా పెట్టే దేవుడి ఫోటోలకు లైక్ కొట్టి ఊరుకుంటాను. ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా తమ్ముడు దేవా నిన్న పొద్దున పోయాడు.

కే.వి.కుప్పంలో ఒక భజన బృందం రికార్డింగుకు వెళ్ళి, హెడ్‌ఫోన్స్ చెవులకు ఉండగానే కుర్చీలో ఒరిగిపోయాడట. ఫోన్ వచ్చినప్పుడు నేను పూజకు పూలు కడుతున్నాను. "అక్కా, దేవన్నకు..." అన్నారు. ఆ తర్వాత మాట నాకు వినబడలేదు. ఆసుపత్రికి చేరేదాకా పూలదారం నా వేళ్ళకు చుట్టుకునే ఉంది.

ఈ రోజు పొద్దున వేలూరు స్టూడియో ఆయన తన పేజీలో దేవా ఫోటో పెట్టాడు. "చేయి పట్టి నేర్పిన నా శిష్యుడు" అని తమిళంలో రాశాడు. కింద అందరూ దండాలు పెట్టారు.

అది చూశాకే ఇది మొదలుపెట్టాను.

ఆయన పేరు రాయను. మన గుడియాత్తంలో మీకందరికీ తెలుసు.

క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులు. అప్పటిదాకా క్యాసెట్ల అంగడి నడిపిన ఆయన, మద్రాసులో చూసొచ్చి కంప్యూటర్ స్టూడియో పెట్టాడు. డ్రమ్ శాంప్లింగ్ అని, పంబ దెబ్బలను ఒక్కొక్కటిగా రికార్డు చేసి సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటే తర్వాత కీబోర్డు నొక్కితే చాలట, పంబ మోగుతుందట. దానికోసం పంబ వాయించే మా దేవాను పిలిచాడు. కోరస్ పాడటానికి నేనూ వెంట వెళ్ళాను.

చిన్నపిల్లల కోసం ఒక మాట. పంబ అంటే రెండు డోళ్ళ జోడు. ఒకటి కొయ్యది, ఒకటి ఇత్తడిది. రెండింటినీ తాళ్ళతో కలిపి కడతారు. మన ఇంట్లో ఆ కట్టు విప్పరు. వాయించినవాడు పోయిన రోజే విప్పుతారు.

ఆయన పంబను చూశాడు. "ఒకదాన్ని కొడితే ఇంకోటి గుంయ్ మంటా ఉండాది. ఇట్లయితే క్లీన్‌గా రాదురా. విప్పు" అన్నాడు.

"విప్పకూడదన్నా. మా ఇంట్లో అది..."

"ఏమిరా, మీ అమ్మవారు వైరు పట్టుకొని మైకులోకి వస్తాదా? విప్పురా, టైమ్ అయితా ఉండాది!"

గదిలో అందరూ నవ్వారు.

నేను గోడ వైపు తిరిగి అమ్మవారి నామం చెప్పుకున్నాను.

దేవా విప్పాడు.

ఒక్కో దెబ్బ ఒక్కోసారి, అన్నీ గట్టిగా కొట్టించుకుని పంపేశాడు. ఆ తర్వాత ఒక్క పాటకూ పిలవలేదు. ఎందుకు పిలుస్తాడు? మా తమ్ముడి చేతులు ఆయన డబ్బాలో ఉన్నాయి కదా. సీడీ అట్టల మీద పంబ వాయించింది తానేనని వేసుకున్నాడు. బృందాలన్నీ ఆయన వైపు వెళ్ళాయి. దేవా సెంట్రింగ్ పనికి వెళ్ళాడు.

అమ్మ పంబకు పసుపునీళ్ళు చల్లి మళ్ళీ కట్టించింది. "బతికుండంగానే విప్పించినాడే పాపిష్టోడు" అని పోయేదాకా అంటూనే ఉంది.

కానీ ఆయన పాటలు మీరు విన్నారా? కుట్టుమిషన్ తొక్కినట్టు ఉంటాయి. ఒకే దెబ్బ, ఒకే బలం. ఆ సీడీ వేసిన జాతరలో ఒక్కరికీ పూనకం రాలేదు. కంప్రెసర్ అన్నాడు, ఈక్యూ అన్నాడు, మద్రాసు వెళ్ళినప్పుడల్లా శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్, కొత్త ప్లగిన్ అని ఒకటి తెచ్చాడు.

దేవా కొన్నాళ్ళకు ఒక పాత కంప్యూటర్ కొని వంటింటి పక్క గదిలో పెట్టుకున్నాడు. గోడలకు గోనెసంచులు, అమ్మ పాత చీరలు. పంబ కట్టు విప్పకుండానే రికార్డు చేశాడు. మెల్లగా కొట్టినవి వేరు, గట్టిగా కొట్టినవి వేరు. ఒకే దెబ్బను మళ్ళీ మళ్ళీ కొట్టి అన్నీ ఉంచుకున్నాడు, మనిషి చెయ్యి ఎప్పుడూ ఒకేలా పడదు కదా.

అన్నిటికన్నా ముఖ్యం ఆ గుంయ్.

కొయ్యడోలు కొడితే పక్కన ఇత్తడిడోలు దానంతటదే పలుకుతుంది. దానికి వేరే మైకు పెట్టి, మిక్సింగులో వినీ వినబడనట్టు అడుగున ఉంచేవాడు. ప్లగిన్లు ఒకటో రెండో. అంతే!

ఆర్కాడు నుంచి కూడా మనుషులు దేవా దగ్గర రికార్డింగుకు వచ్చారు.

స్టూడియో ఆయనా వచ్చాడు. "రేయ్ దేవా, ఏ ప్లగిన్ వేస్తా ఉండావురా? అన్నకు చెప్పకూడదా?"

మా తమ్ముడు చేతులు కట్టుకుని, "రివర్బ్ ఇంకొంచెం పెట్టి చూడన్నా" అన్నాడు.

పెట్టాడు. ఆ ఏడాది ఆయన పాటలన్నీ ప్రతిధ్వని ఎక్కువై బావిలో పడి అరిచినట్టు ఉన్నాయి. మేమిద్దరం వంటింట్లో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

నిన్న సాయంత్రం దేవాను వాకిట్లో పడుకోబెట్టాం. చిన్నాన్న పంబ తెచ్చి పక్కన పెట్టి కట్టు విప్పాడు. విడిపోయిన కొయ్యడోలును ఒక్కసారి తట్టాడు.

ఠక్.

పక్కది పలకలేదు.

అచ్చం స్టూడియో ఆయన సీడీలో వినబడే శబ్దం. ఆయన అక్కడే, పూలమాల పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళారా చూశాడు, చెవులారా విన్నాడు.

తర్వాత నా పక్కకు వచ్చి వంగి అడిగాడు. "ఏమ్మా, వాడు నీకేమన్నా చెప్పినాడా? ఏ ప్లగిన్ అని? ఆ కంప్యూటర్ యాడ పెట్టినాడు?"

నా తమ్ముడి కాళ్ళ దగ్గర నిలబడి అడిగాడు.

నాకు గొంతు పెంచడం రాదు.

"రివర్బ్ ఇంకొంచెం పెట్టి చూడన్నా" అన్నాను.

"సెరిమ్మా, సెరి" అని తల ఊపాడు.

ఆయన తెలుగు బాగా మాట్లాడతాడు. తెలుగు అక్షరం మాత్రం చదవలేడు. నేను పలమనేరులో అవ్వ ఇంట్లో ఉండి చదువుకోబట్టి నాకు ఈ రాత వచ్చింది. అందుకే దేవా పనితనం అంతా తెలుగులోనే ఇక్కడ పెట్టాను. రేపు మన ఇంట్లో పంబ పట్టుకునే పిల్లలకు పనికొస్తుంది. దాచుకోండి. చదవలేని మనవాళ్ళను కూర్చోబెట్టి చదివి వినిపించండి.

ఆయన తన ఫోన్ మీ చేతిలో పెట్టి "ఏమి రాసింది ఆయమ్మ" అని అడుగుతాడు. ఏదో ఏడ్చింది లే అనండి. చూపించకండి, చదివి చెప్పకండి.

క్షమించమని అమ్మవారు నాకు చెప్తే అప్పుడు చూస్తాను. ఇంకా చెప్పలేదు.

దేవా, నిమ్మళంగా పడుకో నాయనా. ఆ తల్లి ఒడిలో నీకు చల్లగా ఉండాలి.

ఆయనకు నేను చెప్పను.