హెల్మెట్‌లో కొల్లేరు

ఆ రోజుల్లో భవిష్యత్తు గురించి నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. రేపు ఏ సబ్జెక్టు పరీక్షో తెలిసేది కాదు గాని, పదేళ్ళ తర్వాత లోకం వీడియో గేములు ఎలా ఆడుతుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఏలూరులో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. మా నాన్నగారికి కిరాణా కొట్టు. నేను పొద్దున్నే క్యారియరు కట్టించుకుని, చొక్కా టక్ చేసుకుని, కాలేజీ బస్సు వెళ్ళిపోయేదాకా ఓ సందులో నిలబడి, ఆ తర్వాత పవర్‌పేటలో నెట్ సెంటర్‌కి వెళ్ళి, సాయంత్రం దాకా కంప్యూటర్లో జనాన్ని కాల్చి, అలిసిపోయిన మొహంతో ఇంటికొచ్చేవాణ్ణి. చదివి చదివి కళ్ళు ఎర్రబడ్డాయని మా అమ్మ తడిగుడ్డ వేసేది. (ఇది ఆవిడ చదవదనే ధైర్యంతోనే రాస్తున్నాను.)

మా హెచ్‌ఓడీ గారిని మేము ‘డెబ్బై అయిదు’ అనేవాళ్ళం. హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలన్న మాట తప్ప ఆయన నోట వేరే మాట విన్నవాళ్ళు లేరు. నాది యాభై రెండు. పిలిపించారు. ఆయన మామూలుగా ఉంటే మమ్మల్ని ‘ఒరేయ్’ అనేవారు, కోపం వస్తే ‘మీరు’ అనేవారు. ఆ రోజు కుర్చీ కూడా చూపించారు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ అని అడిగితే, అంత మర్యాదకి అబద్ధం నోట రాక, నెట్ సెంటర్లో గేములు ఆడుతున్నానండి అని చెప్పేశాను. వచ్చే నెల తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో పేపర్ ప్రెజెంటేషన్ పోటీ ఉందనీ, అందులో గెలిచి డిపార్ట్‌మెంటుకి పేరు తెస్తే ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి హాజరు సర్దుతాననీ, లేకపోతే జూనియర్లతో కలిసి ఇంకో ఏడాది చదవాల్సిందేననీ చెప్పారు. “మీరు ఏ బురదలో దిగారో అందులోంచే ఏదో ఒకటి పట్టుకురండి” అన్నారు చివరికి.

ఏడాది పోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒక్క సంవత్సరం తప్పినా చదువు ఆపించి కొట్లో కూర్చోబెడతానని నాన్నగారు ఎప్పుడో చెప్పి ఉన్నారు. బెల్లం దిమ్మలకీ చింతపండు బుట్టకీ మధ్య నా జీవితం కళ్ళ ముందు కదిలింది. వెంటనే వెళ్ళి పేపరు రాశాను. ‘వర్చువల్ రియాలిటీ వీడియో గేముల భవిష్యత్తును మారుస్తుందా?’ అని పేరు. రాశాను అంటే, ఎవరో ముగ్గురు విదేశీయులు రాసినవి ఒకదాని కింద ఒకటి అతికించి, కింద నా పేరు వేశాను. తలకి ఒక టోపీ లాంటిది తగిలించుకుంటే చుట్టూ గేమే కనిపిస్తుందనీ, తల తిప్పితే అందులో లోకం తిరుగుతుందనీ, ఇకమీదట టీవీ ముందు కూర్చుని ఆడేవాడు ఉండడనీ సారాంశం.

పోటీకి ఇద్దరుండాలి కాబట్టి కొంగ పేరు కూడా వేశాను. కొంగ అంటే నా క్లాస్‌మేట్, ఊరు కొల్లేటికోట, పొడుగు మెడ. హాజరు తొంభై ఎనిమిది. ప్రోగ్రాము రాయాలంటే మా బ్యాచ్‌లో వాడి తర్వాతే ఎవరైనా. వాడిలో లోపమల్లా నా మీద నమ్మకం. వారం తర్వాత తాడేపల్లిగూడెం నుంచి పోస్టర్ వచ్చింది. చదివి వాడు మెడ ఇంకాస్త సాచాడు. మా పేపరు పక్కన, ‘స్వయంగా తయారుచేసిన యంత్రంతో ప్రదర్శన, జిల్లాలో మొదటిసారి’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. విదేశీ పేపర్లో చివరి వాక్యం, ‘మేము తయారుచేసిన నమూనాను సభలో ప్రదర్శిస్తాము’ అన్నది, మిగతా వాటితో పాటు అతుక్కుని వచ్చేసింది. నేను చూసుకోలేదు. (మిగతావీ చూసుకోలేదు.)

“చూపిస్తామన్నావా?” అన్నాడు కొంగ.

“నేననలేదురా. అమెరికా వాడెవడో అన్నాడు.”

“ఎవడన్నా, కింద మన పేర్లున్నాయి కదా.”

అలా ఇద్దరం రేడియో భాయ్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఏలూరులో రేడియోలు, టీవీలు బాగుచేసేవారు. పని రాకపోయినా సరే, విప్పి చూసే అవకాశం వస్తే వదిలేవారు కాదు. మేము చెప్పింది శ్రద్ధగా విని, ఇంతకీ తలకాయని టీవీలో పెట్టాలి, అంతే కదండీ అన్నారు. గల్ఫ్ నుంచి ఎవరో తెచ్చి, పాడైతే ఆయనకే వదిలేసిన అరచేతంత టీవీ ఒకటి బయటికి తీశారు. దాన్ని స్కూటర్ హెల్మెట్‌లో కళ్ళ ముందు బిగించి, మధ్యలో భూతద్దాలు పెట్టారు. హెల్మెట్ నెత్తి మీద ఒక ఇనుప కడ్డీ, ఆ కడ్డీ పైన ఒక చట్రం, అందులో విప్పేసిన మౌస్. తల తిప్పితే కడ్డీ తిరుగుతుంది, కడ్డీ తిరిగితే మౌస్ తిరుగుతుంది, మౌస్ తిరిగితే కంప్యూటర్లో బొమ్మ తిరుగుతుంది. దూరం నుంచి చూస్తే మనిషిని గిలకకి వేలాడదీసినట్టుండేది. గేము కొంగ రాశాడు. వాడికి తెలిసిన లోకం ఒకటే కాబట్టి అందులో కొల్లేరు పెట్టాడు: నీలం రంగు నీళ్ళు, ఆకుపచ్చ గీతలు తుంగ, తెల్ల చుక్కలు గూడకొంగలు.

మొదట నేను పెట్టుకున్నాను. అద్భుతంగా ఉంది. రెండో నిమిషంలో వాంతి చేసుకున్నాను. భాయ్ గారు పెట్టుకుని, చాలా బాగుందండీ అంటూనే గోడ పట్టుకుని కూర్చుండిపోయారు. కొంగకి కూడా అంతే. తల తిప్పిన అర సెకనుకి గాని బొమ్మ తిరగటం లేదు. పోటీకి నాలుగు రోజులుంది. న్యాయనిర్ణేత మీద వాంతి చేయించిన పేపరుకి బహుమతి ఇచ్చినట్టు ఎక్కడా వినలేదు.

అప్పుడే కొంగ వాళ్ళ తాత, కంటి పరీక్షకని ఏలూరు వచ్చి హాస్టల్ గదిలో దిగాడు. కొల్లేట్లో యాభై ఏళ్ళు పడవ నడిపిన మనిషి. మనవడు ఊరిని పెట్టెలో పెట్టాడని విని, తనూ హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆయనకేమీ కాలేదు గాని, మాకు మాత్రం జబ్బేమిటో చెప్పాడు. “పడవ కదులుతుందని కంటికి తెలుస్తోంది, నడుముకి తెలవట్లేదు. ఆ రెండిటికీ పొత్తు కుదరక కడుపు తిప్పుతోంది. పడవలో కూకోబెట్టి ఊపండి, సర్దుకుంటది” అన్నాడు. పరిశోధన చేసినవాళ్ళు ఎన్నో పేజీల్లో రాసిన సంగతి అదేనని తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ పేజీలు నా పేపర్లో కూడా ఉన్నాయి. చెప్పాను కదా, చదవలేదు.

ఆ విధంగా, కొల్లేటికోట నుంచి ఒక తాటిదోనె, చేపల వ్యాన్‌లో ఐసు పెట్టెల మీద పడుకుని, ఆకివీడు, గణపవరం మీదుగా తాడేపల్లిగూడెం సెమినార్ హాలుకి వచ్చింది. దాంతో పాటు తాత వచ్చాడు, వాసన కూడా వచ్చింది. మిగతా కాలేజీల వాళ్ళంతా టైలు కట్టుకుని, ఫైళ్ళు పట్టుకుని నిలబడి ఉంటే మేము, దోనె కింద దుంగలు పెట్టి, ఊగుతోందో లేదో చూసుకుంటున్నాం. ముందు వరసలో డెబ్బై అయిదు గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. న్యాయనిర్ణేతగా ఒక పెద్ద ప్రొఫెసర్ గారు. పొద్దుట్నుంచి పద్నాలుగు పేపర్లు విన్నారు, ఒక్కసారైనా నవ్వలేదు. ఆయన ప్రశ్నకి జవాబు చెప్పలేక ఒకమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. మా వంతు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. నేను మైకులో భవిష్యత్తు గురించి గట్టిగా చెప్పాను. అది మారుస్తుందో లేదో నేను చూసి తేలుస్తాను అని ఆయన లేచి వచ్చి దోనెలో కూర్చున్నారు. కొంగ హెల్మెట్ తగిలించాడు. ఊపడానికి తాత ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తనే పట్టుకున్నాడు.

రెండు నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. మూడో నిమిషంలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, మానిటర్ నల్లబడింది. జనరేటర్ చూసే అతను భోజనానికి వెళ్ళాడని ఎవరో గుసగుసగా అన్నారు. కిటికీల్లోంచి వస్తున్న వెలుతురులో హాలంతా మమ్మల్నే చూస్తోంది. చూడలేనిది హెల్మెట్‌లో ఉన్న ప్రొఫెసర్ గారొక్కరే. ఆగండి సార్, కరెంటు పోయింది అనాలి. నోరు తెరిచాను. చింతపండు బుట్ట గుర్తొచ్చి నోరు అలాగే ఉండిపోయింది.

“ఏవండీ, చీకటైందేమిటి?” అన్నారు హెల్మెట్‌లోంచి ప్రొఫెసర్ గారు.

“మబ్బు పట్టిందండి” అన్నాడు తాత, ఊపటం ఆపకుండా. “కంగారు పడకండి. దారి నాకు తెలుసు.”

తాత అది కావాలని అన్నాడో, పడవలో ఎక్కినవాడు భయపడితే అలవాటుగా అనే మాటే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత చెప్పుకుంటూ పోయాడు. ఎడమచేతి వైపు తుంగ ఉందని, చెయ్యి బయట పెట్టొద్దని, కోసుకుంటుందని. ఆ తుంగ వెనకాల గూడకొంగలు పిల్లల్ని పెట్టాయని, అందుకే గట్టిగా మాట్లాడకూడదని. ఇక్కడ నీళ్ళు తియ్యగా ఉంటాయని, ఆ చివర ఉప్పు తగులుతుందని. గాలి మారిందని చెప్పినప్పుడల్లా దోనెని ఇంకో పక్కకి ఊపాడు. ప్రొఫెసర్ గారు రెండు చేతులతో దోనె అంచులు పట్టుకుని, తల మెల్లగా అటూ ఇటూ తిప్పుతున్నారు. చేపల వాసన ఉండనే ఉంది. హాల్లో ఎవరూ కదల్లేదు. నాకు కూడా కాసేపు బెల్లం, చింతపండు, హాజరు అన్నీ మరుపుకొచ్చాయి.

రేవు వచ్చింది, దిగండి అన్నాడు తాత చివరికి.

ప్రొఫెసర్ గారు లేచి నిలబడ్డారు. ఒక్క క్షణం ఆగారు. “ఇక్కడ లోతెంత ఉంటుందండీ?” అని అడిగారు.

“మోకాలి లోతేనండి.”

ఆయన వంగి బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నారు. రెండో చేత్తో ప్యాంటు మోకాళ్ళ దాకా లాక్కున్నారు. నెత్తి మీద ఇనుప కడ్డీతో, ఒక్కో అడుగూ తడుముకుంటూ తాడేపల్లిగూడెం సిమెంటు గచ్చు మీదకి దిగారు. ఆయనంటే ఉన్న భయానికి హాలంతా ఊపిరి బిగపట్టింది. ముందుగా నవ్వింది డెబ్బై అయిదు గారు. నాలుగేళ్ళలో ఆయన పళ్ళు చూడటం అదే మొదలు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు.

ప్రొఫెసర్ గారు హెల్మెట్ తీశారు. తన బూట్లు చూసుకున్నారు, నల్లటి మానిటర్ చూశారు, నన్ను చూశారు. కరెంటు ఎప్పుడు పోయిందని అడిగారు. మీరెక్కిన రెండు నిమిషాలకేనండి అన్నాను, ఇక దాచడానికి ఏమీ లేక.

“మరి నేను చూసిందేమిటి?”

ఆ ముగ్గురు విదేశీయులు దీని గురించి రాసినట్టు లేరు. కొంగే మెడ సాచి, “మా తాతండి” అన్నాడు.

మొదటి బహుమతి రోబోల మీద పేపరు చదివిన భీమవరం అమ్మాయికి వచ్చింది. మాకేమీ రాలేదు. మార్కుల కాగితం మీద మాత్రం ప్రొఫెసర్ గారు, ‘యంత్రం పనిచేయలేదు. ప్రయాణం బాగుంది’ అని రాశారట. మర్నాడు డెబ్బై అయిదు గారు పిలిపించారు. ఒరేయ్, గెలిస్తేనే అన్నాను గాని, పేపర్ ప్రెజెంటేషన్‌లో నాకు నిద్ర రాకపోవటం ఇదే మొదటిసారిరా, మిగిలిన రోజులు ఒక్కటీ మానకుండా వస్తే హాజరు సర్దుతాను అన్నారు. (ఒరేయ్ అన్నందుకు ప్రాణం లేచి వచ్చింది.) మిగిలిన రోజులన్నీ మొదటి బెంచీలో, కొంగ పక్కన, శనివారాలతో సహా కూర్చున్నాను.

నాన్నగారు ఉల్లిపాయలు కొనడానికి తాడేపల్లిగూడెం మార్కెట్‌కి వెళ్తుండేవారు. వారం తర్వాత అన్నం తింటూ, అక్కడి వ్యాపారి చెప్పాడంటూ మొదలుపెట్టారు. ఏలూరు వాడెవడో పెద్ద ప్రొఫెసర్‌ని కాలేజీ హాల్లో పడవ ఎక్కించి, ప్యాంటు పైకి లాగించాడట. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఎక్కువే నవ్వాను. ఎవడో పాపం వెధవ అని కూడా అన్నాను. నాన్నగారు మజ్జిగ పోసుకుంటూ, “వెధవ సంగతి సరేలే. వాడి తండ్రి మాత్రం మార్కెట్‌లో తల వంచుకుని నవ్వుకుంటూ వచ్చుంటాడు” అన్నారు. నా వైపు చూడలేదు.

ఈ మధ్య నేనూ ఒక హెడ్‌సెట్ కొన్నాను. తేలిగ్గా, తెల్లగా, ఇనుప కడ్డీ ఏమీ లేకుండా ముచ్చటగా ఉంది. గేముల భవిష్యత్తును అది మారుస్తుందా అని ఆఫీసులో కుర్రాళ్ళు అడిగితే, ఏమోనండి, చూడాలి అంటున్నాను. ఇంట్లో సోఫా పక్కకి జరిపి, పెట్టుకుని నిలబడ్డాను. నా కళ్ళజోడు అందులో పట్టలేదు. కళ్ళజోడు తీసేసి హెడ్‌సెట్ మళ్ళీ పెట్టుకున్నాను. ఎక్కడ పడతానోనని మా ఆవిడ వెనక నుంచి నా చొక్కా పట్టుకుంది.

“ఏవండీ, ఏం కనిపిస్తోంది?” అని అడిగింది.

“మబ్బు పట్టినట్టు మసగ్గా ఉందే. ఏదో కదులుతోంది” అన్నాను.