భుజం మీద చెయ్యి

ఎడ్నా ప్రాట్ పదిహేడేళ్లుగా లండన్‌లో బెర్మండ్సీ తపాలా ఆఫీసులో స్టాంపులు అమ్ముతోంది. పెళ్లి చేసుకోలేదు. యుద్ధకాలంలో బాంబు పడి ఇంటి పైకప్పు కూలిన మర్నాడు కూడా తొమ్మిదింటికల్లా దుమ్ము దులుపుకుని కౌంటరు దగ్గర నిలబడింది. దోపిడీ జరిగేదాకా ఆమె గురించి ఆ వీధికి అంతకు మించి తెలియదు.

ఆ ఉదయం ముఖాలకు మేజోళ్లు తొడుక్కుని ముగ్గురు వెనక తలుపులోంచి వచ్చారు. అందరినీ బోర్లా పడుకోమన్నారు. సంచులు మోసుకుపోతూ ఒకడు ఎడ్నా చెయ్యి తొక్కాడు.

"సారీ ఎడ్నా," అన్నాడు.

ఆ గొంతు ఎదురింటి మే ఆంటీ కొడుకు లెన్‌ది. పెంపకం అలాంటిది మరి.

వెనక తలుపు తాళం పగల్లేదు. అందుకని తాళంచెవి దగ్గరుంచుకునే కాపలా ముసలాయన టాప్సెల్‌ను పోలీసులు పట్టుకెళ్లారు. ముందురోజు పబ్‌లో తను విప్పిన కోటు లెన్ పట్టుకున్నాడని, జేబులోని తాళంచెవి అప్పుడే తీసుంటాడని ఆయన మొత్తుకున్నాడు. లెన్ ఆ రోజు పబ్‌కే రాలేదని వీధి వీధంతా చెప్పింది. ఎడ్నా మాత్రం తను విన్నది స్టేషనులో చెప్పి వచ్చింది.

సాయంత్రం మే ఆంటీ పళ్లెంలో బ్రెడ్ పుడ్డింగు పట్టుకుని వచ్చింది. ఎడ్నా తల్లి శవానికి స్నానం చేయించిన మనిషి.

"రేపు నువ్వు గుర్తుపట్టడానికి వాణ్ణి వరసలో నిలబెడతారట. కళ్లు సరిగా ఆనవని చెప్పవే తల్లీ. నీ కళ్లద్దాలు చూస్తే ఎవరైనా నమ్ముతారు."

"చెవులు బాగానే పనిచేస్తున్నాయి ఆంటీ."

"ఆ ముసలాయన ఇవాళో రేపో పోయేవాడు. మావాడికి ముప్ఫై కూడా లేవు."

"అయితే జైల్లో పోవాలా ఆయన?"

మే ఆంటీ పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది, పుడ్డింగుతో సహా.

మర్నాడు స్టేషను పెరట్లో తొమ్మిది మంది మగవాళ్లు. వేలు చూపిస్తే చాలదు, వెళ్లి భుజం మీద చెయ్యి వెయ్యాలి. ఒక్కొక్కరూ ఆ రెండు మాటలూ అనాలని ఎడ్నా అడిగింది. కొందరు నవ్వుతూ అన్నారు. లెన్ గొంతు మార్చి అన్నాడు.

ఎడ్నా చెయ్యి వేసింది. కోటు కింద ఎముక వణకడం అరచేతికి తెలిసింది. సార్జెంటు పేరు రాసుకునేదాకా చెయ్యి తీయలేదు.

"ఇక ఆ వీధిలో ఎట్లా బతుకుతావ్?" అన్నాడు లెన్ పెదవి కదపకుండా.

"ఇన్నాళ్లూ బతికినట్టే."

టాప్సెల్‌ను వదిలేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన వచ్చేదాకా ఎడ్నా స్టేషను బల్ల మీదే కూర్చుంది.

"నీతో ఇంకెవరూ మాట్లాడరమ్మా," అన్నాడాయన.

"మీరున్నారుగా."

"నేను మాటకారిని కాను."

"నేనూ కాను లెండి."

ఇద్దరూ వీధిలోకి తిరిగారు. మే ఆంటీ మోకాళ్ల మీద కూర్చుని గడప తోముతోంది. ఎడ్నా రోజూలాగే ఆగి పలకరించింది. మే ఆంటీ తల ఎత్తకుండా తోముతూనే ఉంది. మర్నాడు కూడా పలకరించింది.