తెరవని బొమ్మ

మా అక్క చేతిలో మందు ఒక్క నిమిషం ఊరికే నిలవదు. రెండు గంటల్లోపే సగం శక్తి చచ్చిపోయే రేడియేషన్ మందు అది. ఒంట్లోకి ఎక్కిస్తే ప్రాణవాయువు అందని కణాల్లో తిష్ఠ వేసి, స్కానింగులో ఆ చోటు వెలిగేలా చేస్తుంది. అలాంటి చోట క్యాన్సరు మొండిది, మామూలుగా పెట్టే రేడియేషన్ కరెంటుకు లొంగదు.

పద్దెనిమిదేళ్లుగా సీసపు ఇటుకల గోడ వెనక నిలబడి ఆ రకం మందులు సిరంజీల్లోకి తీస్తోంది అక్క. ఆసుపత్రిలో అందరూ సీసమ్మ అంటారు. పిలిస్తే పలుకుతుంది కూడా.

బావకు గొంతులో క్యాన్సరు గడ్డ లేచినప్పుడు అక్క బెంబేలెత్తలేదు. పెద్ద డాక్టరును ఎన్నో ఏళ్లుగా అన్నయ్యా అని పిలుస్తోంది మరి.

"కొత్త పరిశోధన మొదలుపెట్టామమ్మా. మీ ఆయన్నీ చేరుద్దాం. మొండి చోటు ఎక్కడుందో చూసి అక్కడ కరెంటు పెంచుతాం," అన్నాడాయన.

ఇచ్చిన కాగితాలు చదవకుండానే బావచేత సంతకం పెట్టించింది. అన్నయ్య మాట కన్నా కాగితం ఎక్కువా? మొగుడి మందు తనే తీసి, సీసపు డబ్బాతో మెట్లు పరుగున దిగింది.

ఏడు వారాలు కరెంటు పెట్టారు. నాలుగు నెలలకు గడ్డ సరిగ్గా పాత చోటే లేచింది. అప్పటి స్కానింగు బొమ్మ చూద్దామని అక్క, నేను బొమ్మలు చదివే గదికి వెళ్లాం. మందు తీసేవాళ్లు ఆ గడప తొక్కరు, అది వాళ్ల రివాజు. కంప్యూటరు ముందున్నామె వెతికి చూసింది.

"దీన్ని ఎవరూ తెరవలేదండీ. ఈ పరిశోధనలో సగం మంది బొమ్మలు చూసి వైద్యం చేస్తారు. మిగతావాళ్లవి చివర్లో పోల్చడానికి దాచిపెడతారు."

అక్క తిన్నగా డాక్టరు గదికి నడిచింది, వెనకే నేను.

"చీటీలు వేస్తే మీ ఆయన పేరు బొమ్మ చూడని సగంలో పడిందమ్మా. కాగితాల్లో రాసే ఉంది," అన్నాడాయన.

"మీ నోట మాత్రం రాలేదేం అన్నయ్యా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "చెబితే మందు తీసేటప్పుడు నీ చెయ్యి వణుకుతుందేమోనని..."

నాకు ఒళ్లు మండిపోయింది. నమ్మించి గొంతు కోయడమన్న మాట ఊరికే పుట్టలేదు. అక్క మాత్రం ఆ తర్వాత ఆయన్ని డాక్టరుగారనే పిలిచింది.

మర్నాడు పొద్దున్నే అదే పరిశోధనలో చేరిన ఇంకొకాయన కోసం అక్క మందు తీసింది. చెయ్యి వణకలేదు. డబ్బా తనే మోసుకెళ్లి బల్ల మీద పెట్టి, ఆయన భార్య పక్కన కూర్చుంది.

"ఇవి మీ ఆయన సంతకం పెట్టిన కాగితాలు పెద్దమ్మా. మొత్తం చదువుతాను, వినండి."

"మందు చచ్చిపోతోందక్కా," అని నర్సు తొందరపెట్టింది.

"చావనీ," అని అక్క మొదటి పేజీ తిప్పింది.