మరచెంబులో నీళ్లు

అరవయ్యో దశకం, నాకు పెళ్లయిన కొత్త. మా అత్తకు చక్కెర జబ్బు. నెలనెలా వాకాడు నుంచి నెల్లూరు ఆసుపత్రికి నేనే తీసుకుపోయేదాన్ని. బస్సెక్కే రోజు నోరెండిపోతున్నా ఆమె చుక్క నీళ్లు ముట్టేది కాదు. మరచెంబు నిండుగానే నా చేతిలో ఉండేది.

ఆ రోజు బస్సు మారే ఊళ్లో దిగేసరికి ఆమెకు ఆగేట్టు లేదు. ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసుంది.

"అన్నా, జబ్బు మనిషి, ఆపుకోలేదు. తాళం తియ్యన్నా" అని కాపలా ఆయన్ని బతిమాలినాను.

"ఆఫీసర్ల ఇంటోళ్లు వస్తేనే తీసేది. అందరికీ తీస్తే కడిగేదెవరు?" అన్నాడు.

వెనక్కి తిరిగితే అత్త కాళ్ల కింద నేల తడిసిపోతా ఉంది. బస్సు కోసం నిలబడినోళ్లంతా అటే చూస్తున్నారు. గబగబా చెంబు మర తిప్పి, నీళ్లన్నీ ఆమె చీర మీద గుమ్మరించి, "అయ్యో, చెయ్యి జారింది అత్తా!" అని అరిచినాను.

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "కళ్లు కనపడవా నీకు?" అని గట్టిగా తిట్టింది. చుట్టూ ఉన్నోళ్లూ నన్నే తిట్టినారు. నెల్లూరు చేరేదాకా అత్త నా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు నాకూ అదే జబ్బు. బస్టాండు మరుగుదొడ్లకు తాళాలు ఇంకా అట్లానే ఉన్నాయి. బస్సెక్కితే నేనూ చెంబు నిండా నీళ్లు పట్టుకుంటాను, తాగడానికి కాదు.