చదరపు మీటరు ఎక్కడ మొదలవుతుంది?

సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్ పేటలోని మా ఫ్లాటులో హీటరు అనే వస్తువు ఏనాడూ లేదు. అయినా ఇవాళ ఒక చలిదేశంలో ఇళ్ళకు గ్రేడు ఇచ్చే నియమం నేను రాసిన వాక్యం మీద నడుస్తోంది. ఈ సంగతి వినయంగా చెప్పే ఉద్దేశం నాకు లేదు.

యూరప్‌లో ప్రతి భవనమూ ఏడాదికి ఎంత శక్తి వాడుతుందో లెక్కగట్టి, అక్షరాలతో గ్రేడు ఇవ్వాలన్న నిబంధన ఉంది. దాన్ని ఏ దేశానికి ఆ దేశం తన చట్టంగా మలుచుకోవాలి. అక్కడి ఒక చిన్న దేశం ఆ సమన్వయం పనిని సింగపూర్‌లోని మా కన్సల్టెన్సీకి అప్పగించింది. భవనాల తనిఖీలో పని చేసి రిటైరైన నన్ను మళ్ళీ పిలిచి ఆ పనిలో కూర్చోబెట్టారు. అక్కడి భవనాల శాఖ, ఇంధన శాఖ, ఆస్తుల రిజిస్ట్రేషన్ శాఖ, ఈ మూడింటి చేత ఒకే మాట అనిపించడం నా ఉద్యోగం.

అనిపించాను కూడా. 'ఏడాది వాడకాన్ని ఇంటి వైశాల్యంతో భాగించాలి' అన్న వాక్యానికి మూడు శాఖలూ ఒకే వారంలో సరే అన్నాయి. మా ఆఫీసు పెద్ద ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగింటి అబ్బాయి. సంతోషం పట్టలేక అందరికీ చెండోల్, అంటే కొబ్బరిపాలూ బెల్లంపాకమూ పోసిన ఐసు, తెప్పించాడు.

అంత తొందరగా కుదిరిన ఒప్పందం నాకు నచ్చలేదు. మూడు శాఖలూ అవే భవనాల వివరాలు పంపాయి కదా అని సోమవారం వైశాల్యాలు కూడి చూశాను. మూడు మొత్తాలు వచ్చాయి. నా కూడికే తప్పేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ అవే మూడు.

ఆ సాయంత్రం మా ఆయన చేతికి టేపు ఒక కొస ఇచ్చి మా ఫ్లాటే కొలిచాను. కాగితం మీద నూట పది చదరపు మీటర్లు. గోడల లోపల తొంభై ఎనిమిది. ఏసీ ఉన్న గదులే అయితే నలభై ఒకటి. ఆ నెల కరెంటు 492 యూనిట్లు. నూట పదితో భాగిస్తే నాలుగున్నరకు కొంచెం తక్కువ, తొంభై ఎనిమిదితో అయిదు, నలభై ఒకటితో సరిగ్గా పన్నెండు.

"హైదరాబాద్‌లో మీ చెల్లెలికి ఫ్లాటు అమ్మినవాడి సూపర్ బిల్టప్ ఏరియా యూరప్ దాకా వెళ్ళిందన్నమాట," అన్నారాయన. "అయినా చలంటే ఏవిటో తెలీని ఊళ్ళో కూర్చుని నీకెందుకోయ్ ఈ గోల?"

"టేపు వదలకండి. చుట్టుకుపోతుంది," అన్నాను.

నాకెందుకంటే, ఆ దేశంలో గ్రేడు చెడ్డగా ఉన్న ఇళ్ళకు ముందుగా ప్రభుత్వ ఖర్చుతో మరమ్మతులు చేస్తారు. మెట్లూ బాల్కనీలూ కలిపి వైశాల్యం పెంచితే, గడ్డకట్టే ఇంటికి కూడా మంచి అక్షరం వచ్చి కూర్చుంటుంది. ఆ ఇంటివాళ్ళకు సాయం రాదు.

మర్నాడు పొద్దున్నే మా ఆఫీసు పెద్దకు చెప్పాను.

"ఆంటీ, అందరూ ఓకే అనేశారు లా!" అన్నాడు, చివర సింగపూర్ వాళ్ళ 'లా' తగిలించి. "ఫ్రైడే ఫైనల్ పంపకపోతే కాంట్రాక్టు రెన్యూవల్ పోతుంది. మళ్ళీ ఎందుకు కదపడం?"

"వాళ్ళు ఓకే అన్నది మాటకు బాబూ, కొలతకు కాదు."

"మీది తప్పయితే?"

"నన్ను తీసెయ్. ఒప్పయితే చెండోల్ మళ్ళీ తెప్పించు."

అక్కడి కమిటీ అధ్యక్షురాలికి ఒక్కటే విన్నపం పంపాను: ఏదో ఒక ఫ్లాటుకు మూడు శాఖల మనుషులనూ పంపి, ఎవరి పద్ధతిలో వాళ్ళను కొలవమనండి. ఆవిడ తన తల్లి ఉండే ఫ్లాటునే ఇచ్చింది.

గురువారం మధ్యాహ్నం, వాళ్ళకు ఉదయం, వీడియోలో కూర్చున్నాం; అధ్యక్షురాలు ఆ తల్లి ఫ్లాటు నుంచే మాట్లాడింది. భవనాల శాఖ గోడల బయటి అంచు నుంచి, బాల్కనీతో సహా కొలిచింది. రిజిస్ట్రేషన్ శాఖ మెట్లలో వాటా కూడా కలిపింది. ఇంధన శాఖ గదిని వెచ్చబరిచే రేడియేటరు ఉన్న గదులు మాత్రమే లెక్కలోకి తీసుకుంది. ఒకే ఇల్లు, ఒకే బిల్లు, మూడు అక్షరాలు. అందులో మెట్ల వాటా కలిపినది చాలా మంచి అక్షరం.

అంతలో రెండు స్వెట్టర్లు వేసుకున్న ఒక పెద్దావిడ కూతురి భుజం మీదుగా తొంగిచూసి ఏదో అంది. అధ్యక్షురాలు నవ్వు ఆపుకుంటూ మాకు ఇంగ్లీషులో చెప్పింది: "ఆ మంచి గ్రేడు ఇచ్చిన అబ్బాయిని వచ్చి ఒక చలికాలం తన దగ్గర ఉండమంటోంది మా అమ్మ."

రిజిస్ట్రేషన్ అధికారి చెవులు ఎర్రబడ్డాయి. "మెట్లు కూడా ఆస్తిలో భాగమే కదండీ," అన్నాడు.

"భాగమే. కానీ మెట్లకు చలెయ్యదు," అన్నాను.

ముందు నవ్వింది అతనే. ఆ తర్వాత పని గంటలో తేలిపోయింది. గోడల లోపలి అంచు నుంచి లోపలి అంచు దాకా, రేడియేటరు ఉన్నా లేకపోయినా వెచ్చగా ఉంచే చోటంతా లెక్క. మెట్లూ బాల్కనీలూ లెక్కలో లేవు. నేను రాసి చదివిన ఆ వాక్యంలో మూడు శాఖలూ కలిసి ఒక్క కామా కూడా మార్చలేదు. ఆ కొలతతో పెద్దావిడ ఇల్లు మరమ్మతుల వరసలోకి వచ్చింది.

శుక్రవారం ఫైనల్ వెళ్ళింది. రెన్యూవల్ కూడా వచ్చింది. మా పెద్ద చెండోల్ స్వయంగా మా ఇంటికే తెచ్చి, "సారీ ఆంటీ" అన్నాడు. ఐసు కరగకముందే తెచ్చాడు గనక క్షమించాను.

ఇప్పుడు చుట్టాలెవరైనా మీ ఫ్లాటు ఎంత అని అడిగితే, నాకన్నా ముందు మా ఆయనే అందుకుంటారు: "గోడల లోపలా, బయటా?"