రెండో కార్డు

నా చేతిరాత బాగుంటుందని నాకు ఉద్యోగమిచ్చారు. ఆ చేతిరాతే నన్ను ముంచింది. నన్నొక్కణ్ణే ముంచి ఉంటే ఇప్పుడు కూర్చుని ఇదంతా రాసేవాణ్ణి కాదు.

డెబ్భైల మొదట్లో మాట. విశాఖపట్నంలో బయటి హార్బరు కోసం సముద్రంలో రాళ్ళు పోస్తున్న రోజులు. మాది ఒడ్డునున్న చేపలవాళ్ళ పేట. అక్కడ హైస్కూలు చదువు గట్టెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఓడల ఏజెంటు ఒకాయన నన్ను గుమాస్తాగా పెట్టుకున్నాడు. ఓడెక్కే ప్రతి మనిషికీ మశూచి టీకా వేయించుకున్నట్టు ఒక పసుపురంగు కార్డుండాలి. టీకాలు వెయ్యడానికి ప్రతి మంగళవారం ఒక డాక్టరు మా ఆఫీసుకు వచ్చేవాడు. ఆయన తన సౌకర్యం కోసం ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఖాళీ కార్డుల కట్ట మీద ముందే సంతకాలు చేసి, ముద్రలు కొట్టి నా బల్ల సొరుగులో పడేసేవాడు. టీకా పడ్డవాడి పేరూ తేదీ నేను నింపుకోవాలి. దొంగ చేతికి తాళాలివ్వడమంటారే, అదీ సంగతి. అప్పటికి నేను దొంగని కూడా కాదు.

మొదటి తప్పుడు కార్డు మా బావది. అక్కకి సంబంధం కుదిరాక ఆయనకి ఓడలో పని ఇప్పించింది నేనే. సోమవారం ఆయన్ని పెళ్ళికొడుకుని చేశారు, మంగళవారం టీకా. నలుగు పెట్టి పసుపు నీళ్ళు పోశాక పెళ్ళికొడుకు పొలిమేర దాటకూడదు. ఇక మా నాయనమ్మ అయితే, పసుపు ఒంటి మీద సూదిపుండు పడకూడదని, అందులోనూ అమ్మోరి పేరుతో వచ్చే పుండు అసలే కూడదని కూర్చుంది. పెళ్ళయ్యాక వేయించుకుంటాడులే అనుకుని నేను కార్డు నింపేశాను. పెళ్ళయిన వారానికి ఆయన ఓడెక్కాడు. టీకా సంగతి ఆయనా మరిచిపోయాడు, నేనూ మరిచిపోయాను.

రెండో కార్డు అదే ఓడలో వంటవాడిది. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేవాడు, తల్లికి ఒక్కడే కొడుకు. టీకా పడితే చెయ్యి వాచి నాలుగు రోజులు జ్వరం కాస్తుంది. వాచిన చేత్తో డేగిసాలు దించలేనంటే ఆ చోటు ఇంకొకడు తన్నుకుపోతాడని వాడి భయం. "ఈపాలికి రాసీ అన్నా, తిరిగొచ్చాక ఏయించుకుంటాను" అన్నాడు. మనవాడు కదా అని రాసేశాను. మొదటిది రాసేటప్పుడు తలుపు వైపు చూసుకున్నాను గాని, రెండోదానికి చూసుకోలేదు. చిన్నప్పుడు కూడా ఆ ఇద్దరికీ టీకా పడలేదు. టీకాలవాళ్ళు వస్తున్నారంటే మా పేటలో తల్లులు పిల్లల్ని బోర్లించిన పడవల కింద దాచేవారు.

అక్కకి ఏడో నెల వచ్చాక ఆ ఓడ తూర్పున పొరుగు దేశం రేవు నుంచి తిరిగొచ్చింది. లోపలికి రాలేదు. డాల్ఫిన్ కొండకి అవతల లంగరేసి పసుపుపచ్చ జెండా ఎగరేసింది. ఓడలో ఒకడికి మశూచి.

ఏజెంటు గుమాస్తాని కాబట్టి మనుషుల జాబితా పట్టుకుని ఆరోగ్యశాఖ డాక్టరుగారితో లాంచిలో నేనూ వెళ్ళాను. మంగళవారాల డాక్టరు కాదు, ఈయన వేరు. రోగిని దుప్పటిలో చుట్టి దించారు. అతని మొహం నేను చూశాను. ఇప్పటికీ ఆ మొహం గురించి రాయను. పైనుంచి బావ చెయ్యూపాడు. పక్కన వంటవాడు నవ్వుతున్నాడు.

టీకా మందు సీసాలు చాలినన్ని లేవు. మద్రాసు నుంచి రావాలి. అందాకా ఉన్నవాటిని దారిలో వేరే రేవుల్లో కార్డు లేకుండా ఎక్కినవాళ్ళకీ, రోగిని మోసినవాళ్ళకీ వేస్తానన్నారు డాక్టరుగారు. రోగి గాలి తగిలిన మూడు నాలుగు రోజుల్లోపు టీకా పడితే రోగం ఆగే అవకాశముందనీ, ఆ తర్వాత దేవుడి దయేననీ లాంచిలోనే చెప్పారు. గర్భిణికి సోకితే తల్లీబిడ్డా దక్కడం కష్టమని కూడా అన్నారు. ఎవరో అడిగితే చెప్పారు గాని, నాకే చెప్పినట్టు వినిపించింది. కార్డున్నవాళ్ళని చొక్కా చెయ్యి మడవమని ఎవరూ అడగలేదు. నా అక్షరాలు అంత నమ్మకంగా ఉన్నాయి.

అప్పుడే చెప్పాల్సింది. మా ఏజెంటు నా పక్కనే కూర్చున్నాడు. చెప్పలేదు.

మర్నాటికి ఊరు రెండుగా చీలింది. కార్డున్నవాళ్ళని ఇళ్ళకి పంపి, హెల్త్ ఇన్‌స్పెక్టరు రోజూ వెళ్ళి చూసి వస్తాడని డాక్టరుగారి ఆలోచన. లేనివాళ్ళని కొండ కింద రేకుల షెడ్డులో రెండు వారాలు ఉంచుతారు. రేవు క్వార్టర్ల వాళ్ళు దీనికి ఒప్పుకోలేదు. వాళ్ళలో ఎక్కువమంది గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఉద్యోగాలకొచ్చినవాళ్ళు. ఒక్కణ్ణి కూడా దింపడానికి వీల్లేదని పట్టుబట్టారు. మా పేటలో ఓడమీదున్న వాళ్ళ ఆడవాళ్ళు దింపాల్సిందేనన్నారు. క్వార్టర్లలో మా వాళ్ళ దగ్గర చేపలు కొనడం మానేశారు. రోజూ తిరిగే వీధుల్లో తలుపులు మూసుకుంటుంటే బుట్టలు నిండుగానే వెనక్కొచ్చాయి. మా ఆడవాళ్ళు తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ పుస్తకం ఇంట్లో పెట్టుకోలేరు.

ఆ మధ్యాహ్నం క్వార్టర్ల బడి వరండాలో డాక్టరుగారు రెండు వర్గాల్నీ కూర్చోబెట్టారు. అవతలివాళ్ళ పెద్ద ఒక ఫోర్‌మన్, గోదావరి మనిషి. ఆయనంటే నాకు ఒళ్ళు మంట. మమ్మల్ని చూస్తే ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకునే రకం.

"మీ మీద కోపం కాదండి," అన్నాడాయన. "కార్డు కాగితమండి. రోగానికి చదువు రాదండి. రెండు వారాలు అక్కడే ఉండనివ్వండి, తిండీ నీళ్ళూ మేం పంపుతాం."

ఆ వరండాలో ఆయన మాట పూర్తిగా నిజమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా శత్రువు నా తరఫున మాట్లాడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.

వంటవాడి తల్లి లేచింది. నాకు వరసకి పిన్ని. మా పేటలో అమ్మోరు పోసిన ఇంటికి వేపమండ కడితే ఆ గడప ఎవరూ తొక్కరని, దూరంగా ఉండడం ఎలాగో ఒకరు తమకి నేర్పక్కర్లేదని చెప్పింది. టీకా వేయించుకోమన్నది సర్కారే, వేయించుకున్నవాణ్ణి దిగొద్దంటున్నదీ సర్కారేనా అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది.

"కార్డు నిజవైతే దింపండి. అబద్ధవైతే రాసినోడెవుడో సెప్పండి."

మా ఏజెంటు నా వైపు వేలు చూపించి, రాసింది మా గుమాస్తాయే, అడగండి అన్నాడు. అందరూ తిరిగారు. పిన్ని నాకేసి ధైర్యంగా చూస్తోంది. తన మనిషిని సాక్షిగా పిలిచిన ధైర్యం అది.

"కార్డులన్నీ సరైనవే," అన్నాను.

"అదిగో, మావోడే సెప్తన్నాడు గదా," అని పిన్ని కూర్చుంది. మర్నాడు పొద్దున్న దింపడానికి నిర్ణయమైపోయింది.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మం కడుగుతోంది. బరువైన పొట్టతో వంగలేక, ఒక చేత్తో గోడ పట్టుకుని కడుగుతోంది. బావకి చిన్నరొయ్యల ఇగురు ఇష్టమని పొద్దున్నే ఒడ్డుకెళ్ళి తెమ్మంది నన్ను. సరేనన్నాను. చొక్కా కూడా మార్చుకోకుండా డాక్టరుగారి ఇంటికి పరుగెత్తాను.

"సార్, ఒక కార్డు తప్పు. మా బావది," అన్నాను.

ఆయన టీ తాగుతున్నారు. గ్లాసు కింద పెట్టారు. తిట్టలేదు. ఒక్కటేనా, బాగా ఆలోచించుకుని చెప్పు అన్నారు.

"ఒక్కటే సార్."

ఒకటైతే పెళ్ళి తొందరలో జరిగిన పొరపాటు. రెండైతే అలవాటు. అలవాటంటే పోలీసులు. ఆ గుమ్మంలో నిలబడి నేను చేసిన లెక్క అంతే. వంటవాడికి పెళ్ళాం లేదు, కడుపుతో ఉన్న మనిషి లేదు, అది కూడా లెక్కలో వేసుకున్నాను. సిగ్గుపడుతూ రాస్తున్నాను గాని, వేసుకున్న మాట నిజం.

డాక్టరుగారు అప్పటికప్పుడే లాంచి వేయించుకుని వెళ్ళి బావకి టీకా వేసి షెడ్డులో పెట్టించారు. కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉందని ఆపామని పేటలో చెప్పారు. నా పరువు నిలబెట్టారు. అక్క ఏడ్చింది. నాకు మాత్రం గుండెల మీంచి బండ దిగినట్టైంది. ఆ పూట అన్నం కూడా బాగా తిన్నాను.

పొద్దున్న వంటవాడు దిగాడు. సాయంత్రానికి మా ఇంటికొచ్చాడు. బావ కులాసాగా ఉన్నాడని అక్కకి ధైర్యం చెప్పి, ఓడలో కబుర్లతో నవ్వించి, మా అమ్మ పెట్టిన అన్నం తిన్నాడు. నేను వాణ్ణి ఇసుకలోకి తీసుకెళ్ళి, ఎవరికీ తెలియకుండా ఎక్కడైనా టీకా వేయించుకోమన్నాను.

"ఇప్పుడేయించుకుంటే ముందు ఏయించుకోనేదని తెలిసిపోద్ది గదేటి," అన్నాడు. "నీ ఉజ్జోగం పోద్ది అన్నా. నాకేటవదులే, ఆడి దగ్గరికి నానెల్లనేదు."

రోగికి మూడు రోజులు గంజి అందించింది వీడేనని బావ నాకు తర్వాత చెప్పాడు.

నా ఉద్యోగం కోసం వాడు వద్దన్నాడు. నేను ఊరుకున్నాను. ఇంకోసారి అడగలేదు. ఆ రోజూ మర్నాడూ వాడు పేటలో తిరిగాడు. వలలు బాగుచేసేవాళ్ళతో పేకాడాడు, తల్లి బుట్ట గట్టు దాకా మోశాడు. వాడు ఎవరి భుజం మీద చెయ్యేస్తే వాళ్ళ పేరు నేను గుర్తుపెట్టుకునేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు వచ్చి వాడి నుదురు ముట్టుకుని, బాగుందని రాసుకుని వెళ్ళేవాడు.

మూడో రోజు పొద్దున్న ఆసుపత్రిలో రోగి చచ్చిపోయాడని ఆఫీసులో తెలిసింది. కలం కింద పెట్టేసి తిన్నగా డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఇంకొకటుంది సార్ అన్నాను. ఈసారి ఆయన తిట్టారు. తిట్లకి నొచ్చుకోలేదు, తిడుతూనే ఆయన జీపు కోసం ఫోను చెయ్యడం చూసి భయపడ్డాను. గంటలో జీపు మా పేటకొచ్చింది. పిన్ని గడ్డిచాప మీద చేపలు ఎండేస్తుంటే ఆమె ఎదురుగానే కొడుకుని ఎక్కించారు. ఎందుకో అడుగుతూ జీపు వెంట కొంతదూరం వెళ్ళింది. మద్రాసు సీసాలు అప్పటికే వచ్చాయి. ఆ సాయంత్రానికి పేటలో పసిపిల్లల్తో సహా అందరికీ టీకాలు పడ్డాయి. ఎవరూ పడవల కింద దాక్కోలేదు.

తప్పుడు కార్డుల సంగతి రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోయింది. ఏజెంటు నన్ను గెంటేశాడు. ముందే సంతకాలు పెట్టిన డాక్టరుకి ఏమీ కాలేదు, ఆ కోపం నాకు ఈనాటికీ పోలేదు. ఫోర్‌మన్ ఒకనాడు దారిలో ఎదురై ఆగాడు. ఏదో అంటాడనుకున్నాను. తువ్వాలు భుజాన సర్దుకుని వెళ్ళిపోయాడు.

బావ రెండు వారాలకి షెడ్డులోంచి వచ్చాడు, చేతిమీద ఎండిన పక్కుతో. టీకా సమయానికి పడిందో, అదృష్టమో తాను చెప్పలేనన్నారు డాక్టరుగారు. వంటవాడికి షెడ్డులో చేరిన వారం దాటాక జ్వరమొచ్చింది. ఆసుపత్రికి మార్చారు. పిన్నిని గేటు దాటనివ్వలేదు. వాడు పోయాక కూడా చూడనివ్వలేదు, సున్నం పోసి వాళ్ళే పూడ్చిపెట్టారు. మొదటి రోజే చెప్పి ఉంటే బతికేవాడా అని డాక్టరుగారిని అడిగాను. తెలియదు అన్నారు. బతకవచ్చు అని మళ్ళీ ఆయనే అన్నారు. పేటలో ఇంకెవరికీ సోకలేదు.

అక్కకి ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు వెళ్ళాక, పొద్దున్న పూట పిన్ని మా ఇంటికొచ్చింది. అంతవరకూ ఆమె మాతో మాట్లాడలేదు. బుట్టలో సొరచేప తెచ్చింది. బాలింతకి పాలు పడాలంటే మా వాళ్ళు సొరపిట్టే పెడతారు. గుమ్మంలో కూర్చుని, కారం తగ్గించి వెల్లుల్లి ఎక్కువ వెయ్యమని లోపలున్న అక్కకి చెప్పింది. పిల్ల ఎవరి పోలికని అడిగింది. అక్క చెప్పింది. పిన్ని లేచి, అరుగు మీదున్న నా ముందుకొచ్చి నిలబడింది.

"మీ బావ సంగతి ఆ సాయంత్రవే ఎల్లి సెప్పీసినావంట. మావోడిది రెండ్రోజులు ఎందుకాపినావు?"

"బయమేసింది పిన్నీ."

"మీ బావకాడ వెయ్యనేదా బయం?"

వేసింది. బావ కోసం దాన్ని దాటి వెళ్ళాను. వాడి కోసం దాటలేదు. ఆ మాట చెప్పకుండా ఆమె బుట్ట అందించబోయాను. ఆమె తనే బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

తలుపు తీసే ఉంది. ఆ మొదటి సాయంత్రం బావ సంగతి చెప్పి వంటవాడిది దాచానని అక్కకి అంతవరకూ తెలియదు. రోజూ ఆ వేళకి పిల్లకి నలుగు పెట్టి, ఒళ్ళు తుడిచి, తమ్ముడూ పట్టుకో అని నా చేతుల్లో పెట్టేది. ఆ రోజు చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాను. అక్క పిలవలేదు.