ఊపిరికి అంటు లేదు

మొన్న ఆదివారం మా నేరేడ్‌మెట్ అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో ఒక ఉపన్యాసం పెట్టించారు. విషయం 'అన్ని మతాల్లో ఆత్మ'. ఎక్కడో కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి వచ్చి తెరమీద రంగురంగుల బొమ్మలు వేస్తూ గంటసేపు మాట్లాడాడు. బాగానే చెప్పాడు, కాదనను. ఇంగ్లీషువాళ్ల స్పిరిట్ అనే మాటకు పుట్టిల్లు లాటిన్ అట, అక్కడ దాని అర్థం ఊపిరి. యూదుల పాత భాషలో ఆత్మకూ గాలికీ ఒకటే మాట. అరబ్బీలో రూహ్ అంటే ఆత్మ, దానికి తోబుట్టువు లాంటి రీహ్ అంటే గాలి. మన ఆత్మ కూడా ఊపిరి తీయడమనే అర్థం నుంచే పుట్టిందని చాలామంది పండితులు అంటారట. దేవుడు మట్టితో మనిషిని చేసి అందులోకి ఊపిరి ఊదాడని క్రైస్తవుల గ్రంథంలోనూ ఉంది, ముస్లింల గ్రంథంలోనూ ఉంది, మన గుడిలో రాతివిగ్రహానికి చేసేది ప్రాణప్రతిష్ఠే కదా అని ముగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా చిన్నప్పుడు నాకు తెలిసిన స్పిరిట్ ఒక్కటే, సూదిమందు ముందు కంపౌండరు దూదితో చల్లగా రుద్దేది. ఆత్మ అంటే సినిమాలో తెల్లచీర కట్టుకుని దీపం పట్టుకుని తిరిగేది. ఈ వయసులోనైనా అసలు అర్థం తెలిసిందని సంతోషపడ్డాను. ఆ సంతోషం సమోసాలు పంచేవరకు కూడా నిలవలేదు.

చప్పట్లు ఆగగానే మా సెక్రటరీ మైకు అందుకున్నాడు. "ఎలాగూ అందరం కలిశాం కాబట్టి ఒక చిన్న పాయింట్" అన్నాడు. ఆ చిన్న పాయింటు మా రెండో అంతస్తు ఆపా. కొడుకు దగ్గర ఉంటుంది, అద్దె ఇల్లు. నాకంటే నాలుగేళ్లు పెద్దది కాబట్టి ఉర్దూలో అక్క అన్నట్టు నేను ఆపా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. సాయంత్రం నమాజు చదువుకుని కిందికొచ్చి గేటు పక్క సిమెంటు బల్ల మీద కూర్చుంటుంది. జడుసుకున్న పిల్లలనూ, పాలు తాగని పిల్లలనూ, ఊరికే ఏడ్చే పిల్లలనూ తల్లులు ఆమె దగ్గరికి తెస్తారు. పెదవులు కదిలీ కదలకుండా ఏదో చదివి పిల్ల ముఖం మీద మెల్లగా ఊదుతుంది. ఊదాక "దవాఖానకు సుత తీస్కపో బిడ్డా" అని ప్రతి తల్లికీ చెబుతుంది. వాచ్‌మన్ భార్యా, వెనక బస్తీ ఆడవాళ్లూ వచ్చేవారు, మా అపార్ట్‌మెంటు కోడళ్లు కూడా చీకటి పడ్డాక వచ్చేవారు. నా మనవరాలికి నేనే ఎన్నోసార్లు ఊదించాను.

"హైజీన్ ఇష్యూ ఉంది, సెక్యూరిటీ ఇష్యూ ఉంది" అన్నాడు సెక్రటరీ. "బయటివాళ్లు గేటు దాకా వస్తున్నారు. పైగా మన పిల్లల మీద ఏం చదివి ఊదుతున్నారో మనకేం తెలుసు? ఆపకపోతే ఓనర్‌తో మాట్లాడి ఫ్లాట్ ఖాళీ చేయిద్దాం." ఊపిరే ఆత్మ అని చప్పట్లు కొట్టిన చేతులు ఇంకా చల్లారలేదు. వక్తగారు అక్కడే తల దించుకుని తన వైర్లు చుట్టుకుంటూనే ఉన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోగాలు అంటుకుంటాయని డాక్టరు చెబితే నేను వింటాను. కానీ ఇదే క్లబ్‌హౌస్‌లో వారానికొక పుట్టినరోజు చేస్తారు. ముక్కు కారుతున్న పిల్లవాడు కేకు మీద కొవ్వొత్తులను తుంపర్లు పడేలా ఊదితే ఆ కేకునే ముక్కలు కోసి ఇంటింటికీ పంచుతారు, అందరూ వేళ్లు నాక్కుంటూ తింటారు. అప్పుడు ఏ హైజీనూ ఎవరికీ గుర్తు రాదు.

ఈ ఊదించుకోవడం నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు, మేము సీతాఫల్‌మండిలో ఉండగా మా చెల్లెలికి కోరింత దగ్గు పట్టుకుంది. ఏడాది పిల్ల. దగ్గు మొదలైతే ఆగేది కాదు, ముఖం కందిపోయి, కళ్లు బయటికొచ్చి, చివర్లో ఊపిరి అందక ఈల వేసినట్టు చప్పుడు చేసేది. ఆ చప్పుడు వింటే ఇంట్లో అందరూ పనులు వదిలి పరుగెత్తుకొచ్చేవారు. డాక్టరు ఇచ్చిన ఎర్రమందు వేళకు పోస్తూనే మా నాయనమ్మ సాయంత్రం కాగానే చెల్లెలిని భుజాన వేసుకుని మసీదు మెట్ల దగ్గరికి నడిచేది. నేను చీర కొంగు పట్టుకుని వెనకాలే. అక్కడ అప్పటికే తల్లులు వరుసగా నిలబడి ఉండేవారు, బొట్టు పెట్టుకున్నవాళ్లు, బురఖా వేసుకున్నవాళ్లు, మెడలో శిలువ ఉన్నవాళ్లు. నమాజు ముగించుకుని బయటికొచ్చేవాళ్లు ఒక్కొక్కరే పిల్లల ముఖాల మీద ఊదిపోయేవారు. అందులో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన ఒక తాత ఉండేవాడు, గుండె నిండా గాలి తీసుకుని తుఫానులా ఊదేవాడు. తమలపాకు వాసన ఘుమ్మని కొట్టేది, చెల్లెలు ఉలిక్కిపడి తుమ్మేది. "జెర మెల్లగ ఊదుండ్రి, పోరి ఎగిరిపోతది" అనేది నాయనమ్మ. "ఎగిరిపోతె నేనే పట్కొచ్చి ఇస్త అమ్మా" అనేవాడాయన.

మా నాయనమ్మ మంచి మనిషి అని చెప్పేసి వదిలేస్తే అబద్ధమవుతుంది. మహా మడి మనిషి. ఆ తాత ఇంట్లో మంచినీళ్లిస్తే ముట్టేది కాదు, చాయ్ ఇస్తే ఇప్పుడే తాగొచ్చినానని చెప్పేది. ఆయన ఊపిరి కావాలి, ఆయన నీళ్లు వద్దు. నేను ఒకసారి దారిలో అడిగాను కూడా, అదెట్లా నాయనమ్మా అని. "నీళ్లకు అంటు ఉంటది. ఊపిరికి అంటు ఏడిది?" అని నన్నే కసిరింది. ఆ నీళ్ల సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆమె మీద కోపమే. అయినా ఆ మడిలో కూడా ఊపిరి కోసం ఒక తలుపు తెరిచి పెట్టుకుంది, ఇక్కడివాళ్లు అది కూడా మూస్తున్నారు.

ఆ రోజుల్లోనే మా పెద్దనాయన ఒక సాయంత్రం ఊడిపడ్డాడు. ఆఫీసులో పెద్ద ఉద్యోగం, ఇస్త్రీ నలగని చొక్కా. ఎవరో ఆయన చెవిలో ఏదో ఊదారు, అది ఏ మతం ఊపిరో నాకు తెలియదు. మేము బయల్దేరుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడి, "రేపట్నించి అక్కడికి పోవుడు బంద్. వాళ్ల ఊపిరి మన పిల్ల మీదనా? నలుగుర్ల మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. సరిగ్గా అప్పుడే చెల్లెలికి దగ్గు తెర వచ్చింది. అది తగ్గేవరకూ నాయనమ్మ దాని వీపు నిమురుతూనే ఉంది. తరువాత గొంతు పెంచకుండా అంది:

"నువ్వు పుట్టినప్పుడు ఏడ్వలే కొడకా. నీలంగ, కట్టె లెక్క పడ్డవ్. చిలకలగూడ నుంచి వచ్చిన మంత్రసాని నీ నోట్ల నోరు పెట్టి ఊదింది. ఊది ఊది ఆమెకే చెమటలు పట్టినయ్. అప్పుడు కేర్‌మన్నవ్. నీ లోపటికి పోయిన మొదటి ఊపిరి నీది గాదు, ఆమెది. ఆమెది ఏం కులమో, ఏం మతమో నేను ఆ పొద్దు అడగలె. నువ్వడుగుతవా? అడిగి, ఆమెది ఆమెకు వాపస్ ఇస్తవా?"

పెద్దనాయన గుమ్మం నుంచి పక్కకు జరిగాడు. మరుసటి సాయంత్రం మేము మెట్ల దగ్గర నిలబడితే ఆయన రోడ్డు అవతల బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆయన ఎక్కాల్సిన బస్సులు రెండు వచ్చి వెళ్లిపోయాయి, మేము ఇంటికి తిరిగేదాకా కదలలేదు. చెల్లెలి దగ్గు మందుకు తగ్గిందో, ఊదితే తగ్గిందో, తన రోజులు తాను చూసుకుని తగ్గిందో ఎవరికీ తెలియదు. ఎవరూ తేల్చుకోవాలని కూడా అనుకోలేదు. చెల్లెలు బతికింది, ఇప్పుడు తనూ అమ్మమ్మే.

ఈ సంగతి మొత్తం నేను ఆదివారం మీటింగులో లేచి చెప్పాను. కేకు సంగతి ముందు చెప్పాను, మంత్రసాని సంగతి తరువాత. "ఆత్మ అంటే ఊపిరని ఇప్పుడే గదా విన్నరు? సమోసలు గూడ రాకముందే మరిచిపోయిండ్రా?" అని అడిగాను. వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది. సెక్రటరీ మైకు సర్దుకుని, "థ్యాంక్యూ ఆంటీ, వెరీ టచింగ్" అన్నాడు. "కానీ ఎమోషన్స్ వేరు, రూల్స్ వేరు. ఆపడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి." చేతులు లేచాయి. చీకట్లో పిల్లలను ఎత్తుకొచ్చే కోడళ్ల చేతులు కూడా లేచాయి. పక్కన కూర్చున్న మా అబ్బాయి ఎత్తలేదు, కానీ నా మోచెయ్యి పట్టుకుని, "కూర్చో అమ్మా, లొల్లి ఎందుకు" అన్నాడు. ఆ మాటకు నాకు సెక్రటరీ మీద కంటే ఎక్కువ కోపం వచ్చింది.

నిన్న సాయంత్రం లిఫ్టు దగ్గర కుక్క మొరిగితే మా మనవరాలు జడుసుకుంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోదు, పడుకోబెడితే ఉలిక్కిపడి లేస్తోంది. గేటు దగ్గర చూస్తే సిమెంటు బల్ల ఖాళీ. పిల్లను చంకనేసుకుని రెండో అంతస్తుకు వెళ్లాను. ఆపా తలుపు సగమే తెరిచి, వరండాలో అటూ ఇటూ చూసి, "జల్ది లోపటికి రా చెల్లె" అని చెయ్యి పట్టి లాగింది. తలుపు వేసి గడియ పెట్టింది. "మావోడు నన్ను కిందికి పోవద్దన్నడు. ఇల్లు ఖాళీ చేపిస్తే ఈ వయసుల యాడికి పోతం? మళ్ల కిరాయికి ఎవరిస్తరు మాకు?" అంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు, అవమానం ఉంది. టీవీ గొంతు పెంచి, పక్కింటివాళ్లకు వినిపించకుండా ఎప్పటికంటే మెల్లగా చదివింది. పిల్ల ముఖం మీద ఊదింది. నా మనవరాలు కళ్లు చికిలించి, ముంగురులు ఎగురుతుంటే నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

మసీదు మెట్ల మీద, ఊరంతా చూస్తుండగా నా చెల్లెలికి దొరికిన ఊపిరి నా మనవరాలికి గడియ చాటున, దొంగతనంగా దొరికింది. రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే అంటే, కాలం మారిందమ్మా అన్నాడు మా అబ్బాయి. కాలం మీదికి తోసేస్తే ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. కాలానిదేముంది, అది ఉట్టిగా గడిచిపోయింది, మారింది మనం.